మళ్ళీ చూసినవారి చరిత్ర
(ముందుమాట)

టెలివిజన్ సీరీస్ మీద పుస్తకం అనగానే నటీనటుల కబుర్లు, షూటింగ్ విశేషాలు, కథల సంగ్రహాలు ఉంటాయని పాఠకులు ఎదురుచూస్తారు. ఈ పుస్తకంలో అవి చాలా తక్కువ. 1966లో అమెరికాలో మొదలైన ‘స్టార్ ట్రెక్’ను ఎవరెవరు ఎలా చూశారు, ఏమని తీర్పు చెప్పారు, ఆ తీర్పులు కాలక్రమంలో ఎందుకు మారాయి అన్నదే ఇందులోని విషయం. ఒక రచన మీద వచ్చిన విమర్శనే కథావస్తువుగా తీసుకుని చరిత్ర రాయడం మనకు కావ్యాల విషయంలో కొత్త కాదు. ఒక టెలివిజన్ సీరీస్‌కు అంతటి గౌరవం ఇచ్చి, అంత శ్రద్ధగా తెలుగులో రాసిన పుస్తకం నా చేతికి రావడం మాత్రం ఇదే మొదలు. అందుకే రచయిత్రి ముందుమాట అడిగినప్పుడు సంతోషంగా ఒప్పుకున్నాను. చదివాక ఆ సంతోషం రెట్టింపైంది.

స్టార్ ట్రెక్ 1966 సెప్టెంబర్ 8న ఎన్‌బీసీలో మొదలైంది. 1969 జూన్ 3న చివరి ఎపిసోడ్ ప్రసారమైంది. మొత్తం 79 ఎపిసోడ్లు, మూడు సీజన్లు. అది ఆగిపోయిన ఏడు వారాలకే మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు. ఆనాటి లెక్కల్లో అది సరిపడా ప్రేక్షకులు లేక మూతబడ్డ కార్యక్రమం. ఆ తరువాత అర్ధ శతాబ్దం పాటు సినిమాలకూ, కొత్త సీరీస్‌లకూ, విశ్వవిద్యాలయ పరిశోధనలకూ అదే మూలమైంది. ఈ రెండు వాక్యాల మధ్య ఏం జరిగిందన్నదే ఈ పుస్తకం వేసుకున్న ప్రశ్న.

ఇలాంటి పుస్తకం రాసేవారికి ఒక సులువైన దారి ఉంటుంది. తొలి సమీక్షకులను వరసగా నిలబెట్టి, వారి మాటలను నేటి కీర్తి పక్కన పెట్టి, ఎంత గుడ్డివాళ్ళో చూడండి అని నవ్వించవచ్చు. అందుకు కావలసిన సామగ్రి బోలెడు ఉంది. వినోద రంగపు పత్రిక ‘వెరైటీ’ మొదటి ఎపిసోడ్ చూసి ఇది గందరగోళంగా ఉంది, నిలబడదు అని తేల్చేసింది. రచయిత్రి ఆ సమీక్షను వెక్కిరించలేదు. సమీక్షకుడికి ఆ రాత్రి ఏం చూపించారో ముందు మనకు చూపించారు.

ఆ రాత్రి చూపించినది ‘ది మ్యాన్ ట్రాప్’. మనుషుల ఒంట్లోని ఉప్పు పీల్చి చంపే, రూపాలు మార్చే ఒక జీవి కథ. అంతకుముందే తీసి సిద్ధంగా ఉన్న కథలు వేరే ఉండగా, రాక్షసుడు ఉన్న కథయితే జనానికి త్వరగా పడుతుందని నెట్‌వర్క్ దీన్ని ముందుకు జరిపింది. సీరీస్‌కు పునాది లాంటి రెండో పైలట్ (నమూనా ఎపిసోడ్) మూడో వారంలో గానీ తెర మీదికి రాలేదు. ఆ అంతరిక్ష ఓడ ఏమిటో, అందులోని వాళ్ళెవరో, చెవులు మొనదేలిన ఆ అధికారి స్పాక్ నవ్వకుండా ఎందుకుంటాడో తెలియని ప్రేక్షకుడికి తికమక కలగడంలో వింత లేదు. అయినా రచయిత్రి అక్కడితో వదలకుండా అదే ఎపిసోడ్‌ను మనచేత మరోసారి చదివిస్తారు. ఆ జీవి తన జాతిలో ఆఖరిది. ఒకప్పుడు అమెరికా మైదానాల్లో లక్షల కొద్దీ తిరిగి, వేటకు దాదాపు తుడిచిపెట్టుకుపోయిన బఫెలోల ప్రస్తావన కథలో వస్తుంది. ఆ జీవిని చంపాక కెప్టెన్ కర్క్ గెలిచిన సంబరం చేసుకోడు, ఆ బఫెలోలనే తలుచుకుంటాడు. రాక్షసుడి కథ లోపల ఒక జాతి అంతరించిన దుఃఖం ఉంది. మొదటి చూపుకు రాక్షసుడు కనిపిస్తాడు, రెండో చూపుకు గానీ దుఃఖం కనిపించదు. ఈ పుస్తకమంతటికీ ఇదే తాళంచెవి అని నాకు తోచింది.

విమర్శ అంటే పత్రికల్లో అచ్చయినదే అనుకోవడం పొరపాటని రచయిత్రి రెండో అధ్యాయంలో నిరూపిస్తారు. ఈ సీరీస్‌కు మొట్టమొదటి విమర్శకుడు నెట్‌వర్కే. సీరీస్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ ఊహించిన మొదటి పైలట్ ‘ది కేజ్’ను లూసిల్ బాల్ నడిపిన దెసిలూ స్టూడియో తీసి ఇచ్చింది. ఎన్‌బీసీ అది మరీ మేధావుల వ్యవహారంగా ఉందని పక్కన పెట్టి, రెండో పైలట్ తీయమంది. ఓడలో కెప్టెన్ తరువాతి స్థానంలో ఒక స్త్రీని పెట్టిన ఏర్పాటు ఆ మార్పుల్లో పోయింది. తిరస్కరించిన ఆ పైలట్‌లోని దృశ్యాలను తరువాత ‘ది మెనాజరీ’ అనే రెండు భాగాల కథలో పొదిగారు. ఆ కథకే 1967లో సైన్స్ ఫిక్షన్ లోకపు పెద్ద బహుమతి హ్యూగో వచ్చింది. ఆ ఏడాది దానితో పోటీ పడినవాటిలో ‘ఫారెన్‌హైట్ 451’, ‘ఫెంటాస్టిక్ వాయేజ్’ లాంటి వెండితెర చిత్రాలున్నాయి. ఒకరు మేధావితనమని వద్దన్నదాన్నే మరొకరు పిలిచి పట్టం కట్టారు. తీర్పు ఎవరు చెబుతున్నారో, దేన్ని కోరి చెబుతున్నారో తెలియకుండా తీర్పును అర్థం చేసుకోలేమని ఈ ఒక్క ఉదాహరణతో తేలిపోతుంది.

ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన అధ్యాయం సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ మీద రాసినది. 1966 నవంబర్‌లో ‘టీవీ గైడ్’ పత్రికలో ఆయన టెలివిజన్ సైన్స్ ఫిక్షన్‌లోని శాస్త్ర దోషాలను ఎత్తిచూపుతూ వ్యాసం రాశారు. స్టార్ ట్రెక్ కూడా దెబ్బలు తింది. గెలాక్సీ కొలతల విషయంలో ఆ రచయితలు చేసిన తప్పును ఆయన పట్టుకున్నారు. నక్షత్రవీధి అంచు ఒక గోడలా తెగి ఉండదు, దానికి అర కాంతి సంవత్సరం బయట అని చెప్పడంలో అర్థం లేదు అన్నది ఆయన అభ్యంతరం. ఆ మాట శాస్త్రరీత్యా అక్షరాలా నిజం. వ్యాసం వచ్చాక సీరీస్ అభిమానులు ఆయనకు ఉత్తరాలు గుప్పించారు. ఆయన సీరీస్‌ను ఇంకా చూశారు, రాడెన్‌బెరీతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపారు. 1967 ఏప్రిల్‌లో అదే పత్రికలో మరో వ్యాసం రాశారు. ఈసారి విషయం స్పాక్. తెలివినే సౌందర్యంగా చూపించిన పాత్ర ఒకటి టెలివిజన్‌లోకి వచ్చిందనీ, అమ్మాయిలు ఆ తెలివికే ముచ్చటపడుతున్నారనీ సంతోషపడ్డారు. 1979లో స్టార్ ట్రెక్ మొదటి సినిమాకు శాస్త్ర సలహాదారుగా కూడా పనిచేశారు.

అసిమోవ్ తన మొదటి మాటను వెనక్కి తీసుకోలేదన్నది ఇక్కడ ముఖ్యం. గెలాక్సీ కొలత తప్పు తప్పుగానే ఉంది. ఆ తప్పు పక్కనే ఇంకో గుణం ఉందని గుర్తించారు, గుర్తించినదాన్ని పదిమందికీ చెప్పారు. విమర్శకుడి నిజాయితీ అంటే ఇదే. రచయిత్రి ఈ సంగతిని ఎక్కడా ఉపదేశంగా చెప్పరు. రెండు వ్యాసాల సారాన్ని పక్కపక్కన పెట్టి, మధ్యలో గడిచిన అయిదు నెలల్లో ఏ ఏ ఎపిసోడ్లు వచ్చాయో పట్టిక ఇచ్చి ఊరుకుంటారు. ఆ పట్టికే వాదన చేస్తుంది. 1970ల చివర్లో ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ చేసిన ఆక్షేపణను కూడా ఇదే నిదానంతో చర్చించారు. వేరే గ్రహపు జీవికీ మనిషికీ బిడ్డ పుట్టడం కంటే, మనిషికీ ఆర్టిచోక్ అనే కూరగాయ మొక్కకూ సంకరం కుదరడమే సులువని సాగన్ అన్నారు. స్పాక్ పుట్టుకే అసంభవమని దాని అర్థం. జీవశాస్త్రం దృష్టిలో సాగన్ మాటకు తిరుగు లేదు. రెండు కులాల మధ్య, రెండు దేశాల మధ్య, రెండు జాతుల మధ్య పుట్టి ఎటూ చెందక నలిగిన మనిషికి స్పాక్‌లో తన ముఖం కనిపించిందన్నదీ అంతే నిజం. ఈ రెండు నిజాలనూ ఒకే పేజీలో నిలబెట్టగలిగిన రచయిత్రి నిగ్రహం మెచ్చుకోదగ్గది.

సైన్స్ ఫిక్షన్ రచయితలు ఈ సీరీస్‌ను మొదటి నుంచీ తమదిగా భావించడానికి కారణం ఉంది. థియడోర్ స్టర్జన్, రిచర్డ్ మాథెసన్, రాబర్ట్ బ్లాక్, నార్మన్ స్పిన్రాడ్, హార్లన్ ఎలిసన్ వంటి చేయి తిరిగినవారు దీనికి కథలు రాశారు. 1968లో హ్యూగో నాటకీయ ప్రదర్శన విభాగంలో పోటీకి నిలిచిన అయిదూ స్టార్ ట్రెక్ ఎపిసోడ్లే. గెలిచినది ఎలిసన్ రాసిన ‘ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’. తెరకెక్కిన కథ తాను రాసినది కాదనీ, తన రచనను మార్చి పాడుచేశారనీ ఎలిసన్ జీవితాంతం పోరాడారు. ఆయన మూల రచనకు అమెరికా రచయితల సంఘం బహుమతి ఇచ్చింది, మార్చి తీసిన ఎపిసోడ్‌కు హ్యూగో వచ్చింది. ఒకే కథకు రెండు రూపాలు, రెండు బహుమతులు, రెండు వర్గాల విమర్శకులు. టెలివిజన్‌లో కర్త ఎవరన్న ప్రశ్నను ఇంతకంటే పదునుగా వేసే ఘట్టం ఉండదు. రచయిత్రి ఏ పక్షమూ వహించకుండా రెండు రూపాల్లోనూ ఏది పోయిందో, ఏది నిలిచిందో సన్నివేశం వెంట సన్నివేశం వివరించారు.

ప్రేక్షకుల లెక్కల గురించిన అధ్యాయం మొదట పొడిగా కనిపిస్తుంది గానీ ఓపికతో చదవాలి. నీల్సన్ సంస్థ ఎంపిక చేసిన కొన్ని ఇళ్ళలో ఏ కార్యక్రమం నడుస్తోందో చూసి దేశం మొత్తానికి లెక్క కట్టేది. ఆ లెక్కలో ఒక ఇల్లు ఒక ఇల్లే. ఆ ఇంట్లో టీవీ ముందు కూర్చున్నది ఎవరు, ఎంత వయసు, ఎంత ఇష్టంతో చూస్తున్నారు అన్నవాటికి నెట్‌వర్కులు అప్పటికి పెద్దగా విలువ ఇచ్చేవి కావు. స్టార్ ట్రెక్ ఆ లెక్కల్లో చాలావరకు వెనకబడే ఉంది. చూసేవాళ్ళలో యువకులు, చదువుకున్నవాళ్ళు ఎక్కువన్న సంగతికి బరువు వచ్చేసరికి కాలం మించిపోయింది. రెండో సీజన్ నడుస్తుండగా సీరీస్ ఆపేస్తారన్న వార్త పొక్కింది. జాన్, బీజో ట్రింబుల్ దంపతులు ఉత్తరాల ఉద్యమం లేపారు. ఎన్‌బీసీకి లక్షకు పైగా ఉత్తరాలు వచ్చాయి. 1968 జనవరిలో కాల్టెక్ విద్యార్థులు కాగడాలతో బర్బాంక్‌లోని ఎన్‌బీసీ కార్యాలయానికి ఊరేగింపుగా వెళ్ళారు. మార్చి 1 రాత్రి ఎపిసోడ్ అయిపోయాక, సీరీస్ కొనసాగుతుందని నెట్‌వర్క్ ప్రసారంలోనే ప్రకటించింది. ప్రేక్షకుడు విమర్శకుడి స్థానంలోకి వచ్చి, తన తీర్పును పోస్టులో పంపి, దాన్ని అమలు చేయించుకున్న సందర్భం ఇది. టెలివిజన్ చరిత్రలో దీనికి ఉన్న స్థానాన్ని రచయిత్రి సరిగ్గా అంచనా వేశారు.

ఒక్క విషయంలో మాత్రం ఆమెతో నాకు పేచీ ఉంది. మూడో సీజన్ మీద ఆమె తీర్పు మరీ కఠినం. శుక్రవారం రాత్రి పది గంటలకు, యువకులు ఇంట్లో ఉండని సమయంలో దాన్ని పడేశారు. మొదటి ఏడాది ఎపిసోడ్‌కు దాదాపు 1,90,000 డాలర్లున్న ఖర్చును తగ్గించుకుంటూ వచ్చారు. అనుకున్న ప్రసార సమయం దక్కకపోయేసరికి రాడెన్‌బెరీ రోజువారీ పని నుంచి తప్పుకున్నారు. ఆ సీజన్‌లో మొదట వచ్చిన ‘స్పాక్స్ బ్రెయిన్’ను సమర్థించడం ఎవరి తరమూ కాదు, నేనూ ఆ సాహసం చేయను. కానీ ‘ది ఎంటర్‌ప్రైజ్ ఇన్సిడెంట్’, ‘ది థోలియన్ వెబ్’, ‘డే ఆఫ్ ది డవ్’, ‘ఆల్ అవర్ యెస్టర్‌డేస్’ ఆ సీజన్‌వే. డబ్బు తగ్గినప్పుడు గదులు తగ్గాయి, మనుషుల మధ్య మాటలు పెరిగాయి. ఆ ఇరుకులో పుట్టిన మంచిని కూడా ఆమె మళ్ళీ చూడాలని నా కోరిక. రెండో ముద్రణకు ఆ అధ్యాయం పెరుగుతుందని ఆశిస్తున్నాను.

సీరీస్ ఆగిపోయాకే దాని అసలు జీవితం మొదలైందన్నది అందరూ చెప్పే మాట. ఎలా మొదలైందో వివరంగా చెప్పినవారు తక్కువ. స్థానిక స్టేషన్లు పాత ఎపిసోడ్లను కొనుక్కుని సాయంత్రం వేళ, పిల్లలు బడి నుంచి వచ్చి, పెద్దలు పని నుంచి వచ్చే సమయంలో, వారంలో అయిదు రోజులూ వేశాయి. వారానికి ఒకటిగా చూసినప్పుడు తెగిపోయిన పోగులు రోజుకొకటిగా చూసినప్పుడు అల్లుకున్నాయి. పాత్రల మధ్య స్నేహాలు, వాగ్వాదాలు, కర్క్, స్పాక్, ఓడ డాక్టర్ మెకాయ్ ముగ్గురూ ఒకే మనసులోని మూడు గొంతులుగా పనిచేసే తీరు అప్పుడు గానీ కనబడలేదు. 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానుల సమావేశం పెట్టి కొన్ని వందలమంది వస్తారనుకుంటే వేలమంది వచ్చారు. 1976లో నాసా తన మొదటి స్పేస్ షటిల్‌కు, మళ్ళీ ఉత్తరాల ఒత్తిడి మీదే, స్టార్ ట్రెక్ ఓడ పేరైన ఎంటర్‌ప్రైజ్ అని పేరు పెట్టింది. ప్రసార పద్ధతి మారితే రచన అర్థమే మారుతుందన్న రచయిత్రి పరిశీలన ఈ పుస్తకంలోని మౌలికమైన ఆలోచన. ఒకే రాత్రిలో సీజన్ మొత్తం చూసేసే నేటి ప్రేక్షకుల గురించి ఆలోచించేవారికీ అది పనికొస్తుంది.

తెర మీద ఎవరు ఉన్నారు, ఎలా ఉన్నారు అన్న చర్చ మరో బలమైన భాగం. ఉహురా పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ మొదటి సీజన్ తరువాత వెళ్ళిపోదామనుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ ఆమెను కలిసి, ఉండిపొమ్మని నచ్చజెప్పారు. ఈ సంగతి ఆమే పలుమార్లు చెప్పారు. ఒక నల్లజాతి స్త్రీ వంటింట్లో కాక ఓడ నడిపే గదిలో, తోటివారితో సమానంగా కూర్చోవడం చూసి కింగ్ దాని విలువ గ్రహించారు. ఆ రోజుల్లో ఏ పత్రికా సమీక్షకుడూ రాయని సమీక్ష అది. నికోల్స్ తరువాత 1977లో నాసా తరఫున స్త్రీలనూ, నల్లజాతివారినీ అంతరిక్ష యాత్రికులుగా దరఖాస్తు చేయమని ప్రోత్సహించారు. 1992లో అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీ మే జెమిసన్, చిన్నప్పుడు ఉహురాను చూసి స్ఫూర్తి పొందానని చెప్పారు.

అభిమానంతో రాసినా రచయిత్రి లోపాలను కప్పిపుచ్చలేదు. పొట్టి గౌన్ల యూనిఫారాలు, స్త్రీ కెప్టెన్ కాలేదన్నట్టు మాట్లాడిన చివరి ఎపిసోడ్ ‘టర్నబౌట్ ఇన్‌ట్రూడర్’, సగం నలుపు సగం తెలుపు ముఖాలతో వర్ణవివక్ష తప్పని మరీ బాహాటంగా బోధించిన ‘లెట్ దట్ బీ యువర్ లాస్ట్ బ్యాటిల్‌ఫీల్డ్’ అన్నిటినీ తూకం వేశారు. భారతీయ పాఠకులకు ముఖ్యంగా పట్టేది ఖాన్ గురించిన భాగం. 1967 ఫిబ్రవరిలో వచ్చిన ‘స్పేస్ సీడ్’లో ఖాన్ నూనియన్ సింగ్ ఉత్తర భారతదేశం వాడనీ, బహుశా సిక్కు అనీ ఒక పాత్ర అంటుంది. ఆ పాత్ర వేసినది మెక్సికో నటుడు రికార్డో మోంటల్బాన్. 2013 సినిమాలో అదే పాత్రను ఆంగ్లేయుడు బెనెడిక్ట్ కంబర్‌బాచ్ వేశారు. అందరికీ చోటున్న భవిష్యత్తును ఊహించిన కథలో భారతీయుడి పేరుంది, భారతీయుడు లేడు. రచయిత్రి ఈ మాటను కోపం లేకుండా, కానీ కచ్చితంగా అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది. 1980ల మధ్యలో దూరదర్శన్ ఆదివారం ఉదయాల్లో ఈ సీరీస్‌ను చూపించినప్పుడు మన దేశంలో దాన్ని కళ్ళార్పకుండా చూసిన పిల్లలకు ఆ ప్రశ్న వేసే మాటలు అప్పటికి లేవు. వారి తరువాతి తరం నుంచి వచ్చిన ఈమె దగ్గర ఆ మాటలున్నాయి.

విశ్వవిద్యాలయాల విమర్శ చివరగా వచ్చింది. 1992లో హెన్రీ జెంకిన్స్, కమీల్ బేకన్-స్మిత్ వెలువరించిన అధ్యయనాలు అభిమానులను పిచ్చివాళ్ళుగా కాక, రచనను తమ అవసరానికి మలుచుకునే పాఠకులుగా చూశాయి. 1967 నుంచే చేతితో అచ్చువేసుకున్న పత్రికల్లో కథలూ, వ్యాసాలూ రాసుకున్న స్త్రీలే ఈ సీరీస్‌కు తొలి లోతైన విమర్శకులని ఆ అధ్యయనాల వెలుగులో రచయిత్రి నిర్ధారిస్తారు. ఆచార్యులకు పాతికేళ్ళ ముందే ఆ స్త్రీలు ఆ పని చేశారు. వారికి ఈ పుస్తకంలో దక్కిన గౌరవం నన్ను కదిలించింది.

కట్టమంచి రామలింగారెడ్డిగారి కాలం నుంచి తెలుగులో కావ్యానికీ, నవలకూ, నాటకానికీ విమర్శ పెరిగింది. సినిమాకూ కొంత పెరిగింది. టెలివిజన్‌ను మాత్రం మనం చూస్తాం, తిడతాం, మర్చిపోతాం. కోట్లమంది రోజూ చూసే కళ గురించి ఆలోచించి రాయకపోతే, ఆ కళ మంచిదయ్యే అవకాశమే ఉండదు. మంచి ఎపిసోడ్‌ను మంచిదని, చెడ్డదాన్ని చెడ్డదని కారణాలతో చెప్పేవారు లేనిచోట లెక్కల యంత్రం ఒక్కటే విమర్శకుడవుతుంది. ఆ యంత్రం 1969లో ఏం తీర్పు చెప్పిందో ఈ పుస్తకం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

రచయిత్రి వచనం గురించి కూడా ఒక మాట చెప్పాలి. శాస్త్ర విషయం వచ్చినప్పుడు తడబడదు, సిద్ధాంతం వచ్చినప్పుడు బరువెక్కదు. తెలుగు పాఠకుడికి తెలియని పేరు వస్తే ఒక్క వాక్యంలో పరిచయం చేసి ముందుకు సాగుతుంది. తాను ప్రేమించినదాన్ని పరీక్షకు పెట్టడానికి ఈమె వెనుకాడలేదు, పరీక్షించాక ప్రేమ తగ్గించుకోలేదు. విమర్శ రాయబూనిన పిల్లలకు నేను ఇంతకంటే పెద్ద పాఠం చెప్పలేను.

ఈ పుస్తకాన్ని స్టార్ ట్రెక్ చూసినవాళ్ళు చదవాలి, చూడనివాళ్ళు తప్పకుండా చదవాలి. పత్రికల్లో సినిమాకూ, సీరీస్‌కూ సమీక్షలు రాసే యువకులు పక్కన పెట్టుకోవాలి. జర్నలిజం విభాగాలు పాఠంగా పెట్టుకుంటే ఇంకా మంచిది. ఈ అమ్మాయి ఇక్కడితో ఆగకుండా మన దూరదర్శన్ రోజుల సీరియళ్ళ మీద, నేటి తెలుగు వెబ్ సీరీస్‌ల మీద ఇదే ఓపికతో, ఇదే న్యాయదృష్టితో రాయాలని కోరుతున్నాను. ఆ పని చేయగల చదువు, చూపు, ధైర్యం ఈమెకు ఉన్నాయి. మనసారా ఆశీర్వదిస్తూ ఈ పుస్తకాన్ని తెలుగు పాఠకుల చేతిలో పెడుతున్నాను.